గడి వెనక దర్వాజ

తెలంగాణ పల్లెల్లోని పాత భవనాల ఫొటోలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ఆదివారం పొద్దున్నే కెమెరాలు భుజానేసుకుని నగరం నుంచి బృందాలు బయల్దేరతాయి. కూలిన బురుజు, మర్రి వేళ్లు చుట్టుకున్న గోడ, సగం తెరిచిన టేకు దర్వాజ, పావురాలు, పైన మబ్బులు. ఆ దర్వాజ ముందు పెళ్లి కాబోయే జంట. అమ్మాయి లంగా అంచు గచ్చు మీద అయిదారు గజాల మేర పరుచుకుని ఉంటుంది. కింద రాసే వాక్యాలు కూడా దాదాపు ఒక్కలాగే ఉంటాయి: ఒకప్పటి వైభవం, కాలం చేసిన గాయం, మనం మరిచిన వారసత్వం.

ఈ వాక్యాల మీద నాకు చాలా కోపం ఉంది. ఆ కోపానికి కారణాలు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ 'పాడుబడ్డ' అనే మాటని పట్టుకోవాలి. ఇల్లు దానంతటదే పాడుబడదు. అందులో ఉన్నవాళ్లు వెళ్లిపోతేనో, వెళ్లగొడితేనో పాడుబడుతుంది. ఎవరు వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడగకుండా ఒక భవనాన్ని పాడుబడ్డది అనడం చరిత్రలోంచి మనుషుల్ని తీసేసి, నేరాన్ని వానకీ ఎండకీ అంటగట్టడం. తెలంగాణ గడీల విషయంలో ఇది మరీ అన్యాయం. ఎందుకంటే వాటిలో చాలావాటిని ఖాళీ చేయించింది జనం.

1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు గడి ముందు నుంచి పోతుంటే కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అంతకుముందు నుంచే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ, లోకం చాకలి ఐలమ్మ అని పిలిచే ఆమె, విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురునిలిచి తన పంటని తన ఇంటికి చేర్చుకుంది. ఆ తర్వాత అయిదేళ్లలో మూడు వేల గ్రామాల్లో దొరల అధికారం కూలిందనీ, పది లక్షల ఎకరాల భూమి పంచారనీ సుందరయ్య లెక్క చెప్పాడు. దొరలు పట్నం పారిపోయారు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. సైన్యం వెనకే చాలామంది దొరలూ తిరిగొచ్చారు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి గానీ గడి గడిలాగే ఉంది. మళ్లీ 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, ఆ వెంటనే రెండో విడత వలస. ఉత్తర తెలంగాణలో తాళం పడిన ఎన్నో గడీలకు ఆ తాళం అప్పుడు పడిందే. ఆ తాళం వెట్టి చాకిరీ మీద పడిన తాళం. దాన్ని చూసి 'అయ్యో' అని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఏం పోయిందని ఏడుస్తున్నారో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

నేను తిరిగేది ఉత్తర తెలంగాణలో కాదు. వెలిమెల చుట్టుపక్కల. ఇక్కడి ఇళ్లు ఖాళీ అయిన తీరు వేరు, అది కూడా చెప్పాలి. పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు 1960ల నుంచే ఫ్యాక్టరీలు వచ్చాయి. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. ఆ ప్రాంగణం కోసం కాచిరెడ్డిపల్లి, మన్మూల్ అనే రెండు ఊళ్లు లేచిపోవలసి వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల్ని ప్రపంచం కోసం చల్లటి గదుల్లో భద్రం చేసే సంస్థ అది. అవే గింజల్ని బూడిద కలిపి, వేపాకు వేసి కుండల్లో భద్రం చేసిన ఆడవాళ్ల ఇళ్లు దాని కంచె లోపల మట్టిలో కలిశాయి. ఆ సంస్థ చేసిన మేలుని కాదనడం లేదు. కానీ విత్తనానికి దొరికిన చోటు విత్తనం దాచిన చేతికి దొరకలేదన్నది కూడా అంతే నిజం.

ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. కొల్లూరులో 2023 జూన్‌లో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. వాటికి కొంచెం దూరంలోనే కోట్ల విలువచేసే విల్లాలు. వీటి మధ్య వెలిమెల లాంటి ఊళ్లలో మిగిలిన పాత ఇల్లు అంటే భూమి ధర పండే దాకా ఆగిన ఇల్లు అని అర్థం. ఇక్కడి దొరని తరిమింది పోరాటం కాదు, పోరాటం కన్నా మర్యాదగా వచ్చిన రియల్ ఎస్టేట్. తరమడం అనకూడదేమో కూడా, సాగనంపింది. కాబట్టి ఇక్కడ పాత ఇల్లు కూలినా దొర నష్టపోడు. నష్టపోయేది ఆ ఇంట్లో చాకిరీ చేసిన వాళ్ల జ్ఞాపకం. ఎందుకంటే దానికి ఆ గోడలు తప్ప ఇంకో సాక్ష్యం లేదు. గడీలంటే నాకింత కోపం ఉండి కూడా, అవి కూలుతుంటే పరిగెత్తుకెళ్లి ఫొటోలు తీయడానికి కారణం ఇదే.

నేను చదివింది సాహిత్యం. నాకు ఫొటోగ్రఫీ ఎవరూ నేర్పలేదు. వెలిమెల పక్కన ఒక ఊళ్లో (ఊరి పేరు చెప్పను, ఇంటివాళ్లు ఉన్నారు) ఒక పాత దొరల ఇల్లు ఉంది. డంగు సున్నం గోడలు, చెక్కడం పని చేసిన పెద్ద దర్వాజ, లోపల నాలుగు వైపులా మంజిళ్లు. నేను మొదటిసారి వెళ్లిన రోజే అక్కడ ఒక జంటని ఫొటోలు తీస్తున్నారు. ముందు వాకిలంతా వాళ్ల లైట్లు, గొడుగులు. చోటు లేక వెనక్కి నడిచాను. ఆ పెరట్లోకి ఎవరూ రారు. ముళ్ల చెట్లు, సారా ప్యాకెట్లు, పాములుంటాయన్న భయం. అక్కడ ఉన్నాయి నేను వెతకని వస్తువులు.

నేలలో పాతిన రోళ్లు మూడు. ఒకదాని అడుగు అరిగి అరిగి చిల్లుపడింది. వంటింటి వెనక గోడకి నిలువెత్తున పట్టిన మసి, ఆ మసిలో మనిషి ఆనుకుని కూర్చునే ఎత్తున ఒక తెల్లటి చార, వీపులు రాసుకుని మసి పోయిన చోటు. పగిలిన గోలెం. వడ్లు దాచే పాతర మూత రాయి. వీటన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆపేసింది బావి. బావి ఒర రాళ్ల మీద తాడు కోసిన గాళ్లు. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. నల్లరాయిని కొబ్బరి తాడు, నార తాడు అంత లోతు కోయాలంటే ఎన్ని బొక్కెన్లు, ఎన్నేళ్లు, ఎన్ని జతల చేతులు? దొర వంశవృక్షం పట్టా కాగితాల్లో ఉంటుంది. ఈ చేతుల వంశవృక్షం ఈ రాయి మీద తప్ప ఎక్కడా లేదు. పైకి చూస్తే పెద్ద గదికి ఒక కిటికీ ఉంది. ఆ గదిలో మిగతా కిటికీలు ఊరివైపు ఉన్నాయి, ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా బావి గట్టుకి ఎదురుగా ఉంది. ఇంటికి గాలి కోసం పెట్టారనవచ్చు. ఆ గట్టు మీద నిలబడి, తడిసిన చీరతో వంగి తాడు లాగుతున్నట్టు ఊహించుకుని తలెత్తి చూసిన ఏ ఆడదానికైనా ఆ కిటికీ ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఫొటోలు ప్రింట్లు తీయించి ఊళ్లో కొందరికి చూపించాను. మగవాళ్లకి ముందు దర్వాజ ఫొటో నచ్చింది. ఎకరం ఎంత పలుకుతుందో చెప్పారు. దొర ఎంత మంచివాడో, లేకపోతే ఎంత చెడ్డవాడో చెప్పారు. ఎనభై దాటిన ఒక అవ్వ, వాళ్ల ఇంటిది ఆ ఇంట్లో బట్టలుతికిన కుటుంబం, ముందు దర్వాజ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఇదేడిది బిడ్డా?" అంది.

"మీ ఊరి దొరల ఇల్లే కద అవ్వా."

"ఏమో. గీ ముందలి దర్వాజ నాకేమెరుక. మేం ఎనకకెల్లి వచ్చెటోల్లం, ఎనకకెల్లే పోయెటోల్లం."

బావి ఫొటో చేతికివ్వగానే ఆమె వేలు నేరుగా ఒక గాడి మీదకి పోయింది. "ఇది మా అమ్మ చేదిన జాగ. నేను గిక్కడ నిలవడుతుండె, నాకు అందకపోయేది, కింద రాయేసుకుంటుంటి" అంది. ఇక ఆగలేదు. ఎవరు ఏ రోలు దగ్గర దంచేవాళ్లు, ఏ పండక్కి ఎన్ని కుంచాల వడ్లు, బాలింతలకి కూడా ఎన్నో రోజు నుంచి కబురొచ్చేది, ఎవరి బిడ్డ ఆ ఇంట్లోకి పోయి మళ్లీ బయటికి రాలేదు. ఆ చివరి సంగతి దగ్గర ఆమె గొంతు తగ్గించింది. ఇంట్లో కోడలు ఉంది, మనవడు ఉన్నాడు. ఇన్నేళ్ల తర్వాత, దొరలు ఊళ్లో లేకపోయినా, గొంతు తగ్గించింది. ఇంకో రోజు ఆమెని ఆ ఇంటికి తీసుకెళ్దామని అడిగితే వచ్చింది. ముందు దర్వాజ బార్లా తెరిచే ఉంది, కాపలా కూడా లేదు. ఆమె దాని ముందు ఆగలేదు, చూడలేదు. ముళ్లలోంచి చుట్టూ తిరిగి వెనకకే పోయింది. నేను కూడా ఆమె వెంటే పోయాను.

ఫొటో చరిత్రని బయటపెడుతుందని మనం తేలిగ్గా అనేస్తాం. అది నిజం కాదు. ఆ రోజు అదే ఇంటి ముందు తీసిన కొన్ని వందల పెళ్లి ఫొటోలు ఏ చరిత్రనీ బయటపెట్టలేదు. కెమెరా ఎక్కడ నిలబడింది, ఆ ఫొటో తర్వాత ఎవరి చేతికి పోయింది అన్నదాన్ని బట్టి అది నోరు విప్పుతుంది, లేదా నోరు మూయిస్తుంది.

ఈ మాట నాకంటే ముందు, నాకంటే బాగా, మా జిల్లా ఆడవాళ్లే చెప్పారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టుకున్నారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు, కూలి పనులు చేసుకునేవాళ్లు. షాట్లకి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగలేదో, నచ్చలేదో గానీ వాళ్ల సొంత పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పై నుంచి కిందికి చూడటం, కింద నుంచి పైకి చూడటం, వీటికి పటేల్, బానిస అనే పేర్లు. కళ్లకి సమానమైన ఎత్తులో తీసేది సంఘం షాట్. సినిమా సిద్ధాంతం మీద నేను చదివిన ఏ పుస్తకమూ చూపుకీ అధికారానికీ ఉన్న సంబంధాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పలేదు. వాళ్లే 2008లో మాచునూరులో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు.

ఆ పదకోశంతో ఇప్పుడు గడీల ఫొటోలు మళ్లీ చూడండి. మెట్ల కింద నిలబడి, తలెత్తి, బురుజు ఆకాశాన్ని తాకేట్టు తీసిన ఫొటోలే అన్నీ. బానిస నిలబడే చోట నిలబడి పటేల్‌ని పెద్దవాణ్ని చేసే షాట్ అది. ఇప్పుడు డ్రోన్లొచ్చాయి. డ్రోన్ పై నుంచి చూస్తుంది, పటేల్ మేడ మీది నుంచి చూసినట్టు. రెంటిలోనూ రోలు కనపడదు. రోలు కనపడాలంటే కూర్చోవాలి, దంచేవాళ్ల ఎత్తుకి దిగాలి.

రెండేళ్ల కిందట నగరంలో ఒక వారసత్వ ప్రదర్శనకి నా ఫొటోలు అడిగారు. ఇరవై పంపితే ఆరు తీసుకున్నారు. ఆ ఆరూ దర్వాజ, స్తంభాలు, పైకప్పు. మసి గోడ, రోళ్లు, బావి ఒర 'థీమ్‌కి సరిపోవు' అన్నారు. పోనీ దర్వాజ ఫొటో కిందనైనా ఆ అవ్వ చెప్పిన నాలుగు మాటలు రాయమన్నాను. 'వివాదాలు వద్దు మేడమ్, ఇది సెలబ్రేషన్' అన్నారు చాలా మర్యాదగా. నేను మొత్తం ఫొటోలు వెనక్కి తీసుకున్నాను. నా పంతం గురించి చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. ఆ 'సెలబ్రేషన్' అనే మాట ఎంత సహజంగా వచ్చిందో చూడమంటున్నాను. వెట్టి జరిగిన చోటుని వేడుక చేసుకోవడానికి ఎవరికీ సంకోచం లేదు, వెట్టి అన్న మాట రాయడానికే సంకోచం. పదహారేళ్ల అమ్మాయిని అరణంతో పాటు అత్తారింటికి పంపి ఆడబాప అని పేరు పెట్టిన వ్యవస్థ అది. ఆమెకి పెళ్లి లేదు, ఆమె కన్న పిల్లలకి తండ్రి పేరు లేదు. ఏ దర్వాజ గుండా ఆమె లోపలికి వచ్చిందో అదే దర్వాజ ముందు ఇవాళ పెళ్లికూతురు నవ్వుతూ నిలబడాలి. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, ఆమె తప్పేమీ లేదు. చెప్పకుండా ఆ చోటు అద్దెకిచ్చినవాళ్లది తప్పు.

ఇక నాకు తరచు ఎదురయ్యే వాదన ఒకటుంది. అది బయటివాళ్ల నుంచి కాదు, మన పక్క నుంచే వస్తుంది. గడీలో ఉన్న ఆడవాళ్లందరూ పితృస్వామ్యానికి బలైనవాళ్లే కదా, దొరసాని కూడా పరదా వెనక మగ్గిందే కదా, ఆమె చరిత్ర స్త్రీల చరిత్ర కాదా అని. మెదక్ సీమలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ ఉంది. ఆమె కొడుకు పేరు మీదే సంగారెడ్డి పట్నం వెలిసిందని జిల్లా చరిత్ర చెప్పుకుంటుంది. నిజామాబాద్ వైపు సిర్నాపల్లిని ఏలిన శీలం జానకీబాయి ఉంది. ఆమె పేరు మీద జానకంపేట ఉంది, ఆమె గడి ఇప్పుడు ఫొటోలవాళ్లకి తీర్థక్షేత్రం. ఆడవాళ్లు రాజ్యాలేలారని చెప్పుకోవడం మనకి గర్వంగానే ఉంటుంది. ఉండొచ్చు. కానీ రాణి కట్టించిన గడిలో బావి నీళ్లు రాణి చేదలేదు. కడవెండి గడిలో ఉన్నది విసునూరు దొర తల్లి జానమ్మ. ఆ ఊరు ఆమె పేరు చెబితే ఎంత వణికేదో పోరాట చరిత్ర రాసినవాళ్లంతా రాశారు. ఆమె కూడా స్త్రీయే. పరదా ఆమెని బంధించింది, ఆ బంధంలో ఉండే ఆమె ఇంకో స్త్రీ పాలిట దొర అయింది. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పే స్త్రీవాదం ముందు దర్వాజ స్త్రీవాదం. దళిత, బహుజన స్త్రీలు మనల్ని ఈ విషయం పాతికేళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు, మనం విన్నట్టు తలూపుతూనే ఉన్నాం.

కెమెరా చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. ఘోషాలో ఉండే స్త్రీలని స్త్రీయే ఫొటో తీయాలి కాబట్టి ఒక ఇంగ్లీషు మహిళని, మిసెస్ కెన్నీ లెవిక్‌ని, దానికి పెట్టాడు. ఫొటోగ్రఫీ చరిత్రలో స్త్రీల అధ్యాయంగా దీన్ని చెప్పుకుంటాం. కెమెరా స్త్రీల దాకా వచ్చింది, నిజమే. ఏ స్త్రీల దాకా వచ్చింది? ఆ స్టూడియోకి పల్లకీలో వచ్చిన బేగంల దాకా. వాళ్ల నగలు పెట్టినవాళ్లు, వాళ్ల జడలు అల్లినవాళ్లు ఆ చరిత్రలో పేర్లుగా మిగల్లేదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు గొంతులు రికార్డు చేసుకున్నది ఎందుకు? పోరాటంలో ఉన్న స్త్రీల గురించి రాతలో దొరకనిది వాళ్ల నోట తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి. నలభై ఏళ్లయింది. ఆ తర్వాతి తరం అవ్వలు కూడా ఇప్పుడు వెళ్లిపోతున్నారు.

గడిని వేరేగా చూపడం సాధ్యం కాదా? చూపినవాళ్లున్నారు. ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి.నర్సింగరావు 1988లో 'దాసి' తీశాడు. 1920ల నాటి గడిలో కమలాక్షి అనే దాసి కథ. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా. తోట వైకుంఠం కళాదర్శకత్వం, ఎ.కె.బీర్ కెమెరా. అందులో గడి అందంగానే ఉంటుంది, ఆ అందం మనల్ని ఊపిరాడనివ్వదు. మాటలు చాలా తక్కువ. నీళ్లు మోయడం, కాళ్లు కడగడం, ఊడవడం, పిలిస్తే పోవడం. పని ఎంతసేపు పడుతుందో కెమెరా అంతసేపు ఉంటుంది. ఆ గడి మెట్ల మీద నిలబడి పెళ్లి ఫొటో దిగాలని ఆ సినిమా చూసినవాళ్లకి ఎవరికీ అనిపించదు. (ఆ సినిమాలో కూడా కథ కమలాక్షి లొంగుబాటు దగ్గరే ఆగిందని నాకు పేచీ ఉంది, అది ఇంకో వ్యాసం.)

బాధని టిక్కెట్టు పెట్టి అమ్మడం మనకి కొత్తేమీ కాదు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుని 2016లో మ్యూజియం చేశారు. 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీ బట్టలేసుకుని, ఖైదీ తిండి తిని అందులో ఉండొచ్చన్నారు. దేశమంతా ముచ్చటపడింది. రేపు ఎవరో ఒకరు గడిలో 'ఒక రోజు దొర' అని పెడతారు. 'ఒక రోజు ఆడబాప' అని పెట్టరు, దానికి గిరాకీ ఉండదు.

గడీల్ని కూల్చమని నేననడం లేదు. దోమకొండ కోటని బాగుచేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. రాతి పని, సున్నం పని తెలిసిన చేతులకి మళ్లీ పని దొరికితే మంచిదే. నా ప్రశ్న ఒక్కటే. గోడని కాపాడేటప్పుడు ఏ గోడని కాపాడుతున్నాం? నిధులు ముందు దర్వాజ దగ్గర మొదలై, మంజిల్ దాటి, వంటింటి దాకా వచ్చేసరికి అయిపోతాయి. పెరడు పార్కింగ్ అవుతుంది. రోళ్లు తులసికోటల పక్కన అలంకారానికి పెడతారు. ప్రతి గడిలోనూ బాగుచేత వెనక నుంచి మొదలవ్వాలి. ఆ ఊళ్లో వెట్టి చేసిన కుటుంబాల ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టి, వాళ్లు చూపించిన చోట్లని గుర్తుపెట్టాలి. ముందు దర్వాజకి దొర పేరుతో రాయి పెట్టినప్పుడు వెనక దర్వాజకి ఆ గుండా వచ్చిపోయినవాళ్ల ఇంటిపేర్లతో రాయి పెట్టాలి. కట్టించినవాడి పేరు పక్కన డంగు సున్నం తొక్కినవాళ్ల, రాయి మోసినవాళ్ల కులాలైనా రాయాలి, పేర్లు ఎలాగూ మిగల్లేదు. ఫొటోలకి అద్దె వసూలు చేస్తున్నారు కదా, అందులో కొంత ఆ కుటుంబాల పిల్లల చదువుకి పోవాలి. ఇవన్నీ అతిగా ఉన్నాయని అనేవాళ్లు వెట్టికి ఎన్నేళ్లు కూలి బకాయి ఉందో లెక్క కట్టి చెప్పాలి. వెట్టి చాకిరీ నిషేధ చట్టం వచ్చిందే 1976లో.

పరిశోధక విద్యార్థినులకి ఒక విన్నపం. మీ ఊళ్లో పాత ఇల్లు ఉంటే కెమెరా తీసుకుని వెళ్లండి, ఫోన్ అయినా చాలు. వెనక నుంచి వెళ్లండి. నేలని తీయండి, ఒరని తీయండి, గుంజకి పశువు కట్టిన గీతల్ని, తలుపు లోపలి గడియని తీయండి. కంప్యూటర్లో దాచుకోకుండా ప్రింటు తీయించి తీసుకెళ్లండి, ఫోన్‌లో చూపిస్తే అవ్వల కళ్లకి ఆనదు, పైగా ఫోన్ మీ చేతిలో ఉంటుంది. కాగితం వాళ్ల చేతిలోకి పోతుంది, వాళ్లు వేలుపెట్టి చూపిస్తారు, పక్కింటామెని పిలుస్తారు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటే మీ థీసిస్. వాళ్ల అనుమతి లేకుండా వాళ్ల పేర్లు రాయకండి, దొరలు పోయినా భయం పోలేదు.

తొందరగా వెళ్లాలి. నేను చెప్పిన ఆ ఇంటి చుట్టూ పోయిన ఎండాకాలం కడీలు పాతారు. పెద్ద దర్వాజని ఊడదీసి లారీ ఎక్కించారు, పాత చెక్కడాలు కొనే వ్యాపారికి మంచి ధరకే పోయిందట. బావిని మొరంతో పూడ్చారు. ఒర రాళ్లలో రెండు పక్కన పడేసి ఉంటే ట్రాక్టరు డ్రైవర్‌ని అడిగి ఒకటి ఆ అవ్వ ఇంటికి చేర్పించాను. కోడలు దాని మీద బట్టలుతుకుతోంది.